గేటు దగ్గర పిలిచే పేరు

పోయిన వారం మనం అరవై రెండు మంది ఆడవాళ్ళని బస్సు దింపి, బందరు కోర్టు ఆవరణలో వేపచెట్టు నీడ చాలక సగం మందిని ఎండలోనే నిలబెట్టి, మన పనుల్లో మనం పడిపోయాం. వాళ్ళు మాత్రం అక్కడే ఉన్నారు. అన్నం గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడు పిలుస్తారా అని వరండా వంకే చూస్తున్నారు.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. వీళ్ళంతా గిలకలదిండి, చిలకలపూడి చుట్టుపక్కల పేటల వాళ్ళు. రొయ్యల షెడ్డులో నిలబడి, ఐసునీళ్ళలో చేతులు ముంచి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రొయ్యలు వలిచేవాళ్ళు. వేళ్ళు ఒరిసిపోతున్నాయి, గ్లౌజులిమ్మన్నారు. కాళ్ళు వాస్తున్నాయి, కూర్చోడానికి స్టూళ్ళు వెయ్యమన్నారు. ఒక్కొక్కరుగా అడిగితే ఎవరూ వినలేదని యూనియన్ పెట్టుకున్నారు. పెట్టుకున్న నలభయ్యో రోజున కంపెనీ గేటుకి తాళం వేసి, అందర్నీ ఒక్కసారే బయటికి నెట్టింది. ఇది జరిగి పద్నాలుగు నెలలు. నెలకోసారి బందరు వచ్చి కూర్చునే లేబర్ కోర్టు జడ్జిగారు ఇవాళ తేల్చాల్సింది గ్లౌజుల సంగతీ కాదు, స్టూళ్ళ సంగతీ కాదు. అసలు వీళ్ళ తరఫున నిలబడి మాట్లాడే హక్కు ఆ యూనియన్‌కి ఉందా లేదా అని. అది లేదంటే మిగతాదంతా లేనట్టే.

ఆ యూనియన్ రిజిస్ట్రేషన్ కాగితం మీద ఏడుగురు సంతకం పెట్టారు. మూడో సంతకం కొక్కిలిగడ్డ నాంచారమ్మది. షెడ్డు కార్డులో ఆమె నాంచారమ్మ, హాజరు పుస్తకంలో నాంచారమ్మ, లాయరు ఫైల్లో నాంచారమ్మ. ఆమె అసలు పేరు సాయిదుర్గ. ఈ సంగతి మీకూ నాకూ పేటలో కాకులతో సహా అందరికీ తెలుసు. తెలియనిది వాళ్ళ లాయరు దీప్తి ఒక్కదానికే. అదీ ఇవాళ పొద్దున పదకొండు గంటల దాకానే.

*

దీప్తిది గుడివాడ. ముప్పై ఇంకా నిండలేదు. తొలి బస్సుకి వచ్చేస్తుంది, జడలో పెట్టుకున్న పూలు కోర్టు మెట్లెక్కేముందు తీసి బ్యాగులో పడేస్తుంది, ఎదుటి లాయరు ఎంత పెద్దవాడైనా మాట తడబడదు. అలాంటి పిల్ల ఇవాళ జిరాక్స్ కొట్టు పక్క బెంచీ మీద మూడు కాగితాలు పట్టుకుని, వాటినే మళ్ళీ మళ్ళీ చదువుతూ కూర్చుంది.

“నాంచారమ్మగారూ, ఇలా రండి. కూర్చోండి.”

సాయిదుర్గ కూర్చోలేదు. షెడ్డులో దాదాపు ఎనిమిదేళ్ళు నిలబడ్డ మనిషి, లాయరు ముందు కూర్చోవాలంటే కాళ్ళు వంగవు.

“కంపెనీ లాయరు శ్రీనివాసరావుగారు పొద్దున్నే ఈ మెమో ఇచ్చారు. యూనియన్‌లో మూడో నంబరు సభ్యురాలిని ఇవాళ బోనెక్కించి ప్రశ్నలు అడుగుతారట. దీనికి ఒక ఆధార్ కార్డు జిరాక్సు జతచేశారు. ఇది మీదేనా?”

సాయిదుర్గ కాగితం అందుకుంది. నల్లగా మసిబారినట్టున్న జిరాక్సులో ఒక మొహం. కాస్త ఒళ్ళు చేసింది. ముక్కుపుడక కొత్తది. కుడి కనుబొమ పక్కన చిన్న గాటు, చిన్నప్పుడు పడవ అంచు తగిలి పడిన గాటు, అది మాత్రం పాతదే.

కోర్టు ఆవరణలో టైపు మిషన్ల చప్పుడు, టీ గ్లాసుల చప్పుడు, ఎవరో ఎవర్నో పిలిచే కేకలు, అన్నీ ఉన్నాయి. ఆమెకి ఏదీ వినపడలేదు. ఈ మొహాన్ని చూసి తొమ్మిదేళ్ళు. ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ తండ్రి ఒకరోజు మూటగట్టి సముద్రంలో కలిపేశాడు. షెడ్డు కార్డు మీద ఒక చిన్న ఫొటో ఉండేది. రోజూ తడి చేతుల్తో పట్టుకుని పట్టుకుని, రెండేళ్ళకే అందులో మొహం పోయి తెల్ల మచ్చ మిగిలింది.

“దీని వెనకపక్క ఉందాండీ?” అంది సాయిదుర్గ.

“ఏంటి?”

“అడ్రసు రాసుంటది గదండీ, వెనకపక్క. అది కూడా ఇచ్చారా?”

దీప్తి తెల్లబోయి చూసింది. దొంగసంతకం బయటపడ్డ మనిషి భయపడుతుందనో, బుకాయిస్తుందనో అనుకుంది గానీ, అడ్రసు అడుగుతుందని అనుకోలేదు. “ముందుపక్కే ఇచ్చారు. నేనడిగేది అది కాదండీ. ఈమె ఎవరు?”

“మా అక్కండీ. నాంచారమ్మ.”

“మరి మీరు?”

సాయిదుర్గ కాగితం మీంచి చూపు తిప్పలేదు. “నేనూ నాంచారమ్మనేనండీ. షెడ్డులో.”

*

పేటలో ఇదేమీ వింత కాదు. ‘పేరు మీద ఎళ్ళడం’ అంటారు. ఒకామె పురిటికి పుట్టింటికి పోతే ఆమె కార్డు పట్టుకుని తోటికోడలు వెళ్తుంది. ఒకామెకి కామెర్లొస్తే ఆడపడుచు వెళ్తుంది. సూపర్‌వైజరుకి కావాల్సింది బల్ల దగ్గర ఖాళీ లేకుండా చేతులు. కొత్త కార్డు రాయాలంటే మేనేజరు దాకా పోవాలి, పాత కార్డు మీద మనిషి మారితే ఎవరూ తలెత్తి చూడక్కర్లేదు. కాబట్టి కంపెనీకి ఈ సంగతి తెలిసినా తెలియనట్టే ఉండేది. తెలియకుండా ఉండడం అవసరమైనన్నాళ్ళు తెలియలేదు. ఇవాళ తెలియడం అవసరమైంది, టక్కున తెలిసిపోయింది.

సాయిదుర్గ కథ కూడా అలాగే మొదలైంది. తొమ్మిదేళ్ళ కిందట ఒక మంగళవారం పొద్దున నాంచారమ్మ జడ అల్లుకుంటూ చెల్లెలి చేతిలో కార్డు పెట్టింది. “పదిహేను రోజులు నా పేరు మీద ఎళ్ళవే. పని పోకుండా చూడు. ఒచ్చేస్తాను” అంది. ఎక్కడికని సాయిదుర్గ అడగలేదు. తల్లి పోయాక తనకి తల దువ్విందీ, బడికి పంపిందీ, జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందీ అక్కే. అక్క మాట మీద ఎదురుప్రశ్న వేయడం ఆ పిల్లకి అలవాటు లేదు. సాయంత్రానికి పేటంతా గుప్పుమంది. పడవ ఇంజన్లు బాగుచేసే అబ్రహాముతో నాంచారమ్మ దివిసీమ వైపు వెళ్ళిపోయిందని.

తండ్రి అన్నం ముట్టలేదు. కులం కాదు, మతం కాదు, అడగలేదు, చెప్పలేదు. “ఆ పేరు ఇక నా గుమ్మంలో ఇనపడకూడదు” అన్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో నిజంగానే వినపడలేదు.

వినపడింది ఒక్కచోటే. రోజూ ఆరున్నరకి షెడ్డు గేటు దగ్గర సూపర్‌వైజరు పుస్తకం తెరిచి ఇంటిపేరుతో సహా పిలిచేవాడు. ‘కొక్కిలిగడ్డ నాంచారమ్మా!’ ‘ఒచ్చానండీ’ అనేది సాయిదుర్గ. పదిహేను రోజులైంది, అక్క రాలేదు. నెలైంది, రాలేదు. ఏడాదైంది. అప్పటికి సాయిదుర్గ కావాలంటే తన పేరు మీద కార్డు రాయించుకునేది. అదే షెడ్డులో పనిచేసే ఉమాదేవి ఒదిన రెండుసార్లు చెప్పింది కూడా. కానీ ఆ పేరు కొట్టేయిస్తే? లోకంలో అక్కని పేరు పెట్టి పిలిచేది అదొక్కచోటే. అక్కడ కూడా కొట్టేస్తే అక్క ఇక రాదని తను ఒప్పేసుకున్నట్టే. అందుకని పలుకుతూ వచ్చింది. పెళ్ళి సంబంధాలొస్తే ‘అక్క ఒచ్చాక’ అంది. రెండు సంబంధాలు అలాగే విసుగెత్తి వెళ్ళిపోయాయి. మూడోది రాలేదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ ఇంట్లో ఆ పేరు వినపడకూడదన్న తండ్రే, రోజూ సాయంత్రం కూతురు షెడ్డు నుంచి రాగానే వల అల్లుతూ, తలెత్తకుండా ఒక మాట అడిగేవాడు.

“పిలిచారా?”

“పిలిచారు నాన్నా.”

అంతే. ఆ తర్వాత లేచి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చునేవాడు. దాదాపు ఎనిమిదేళ్ళు ఒక్కరోజు తప్పలేదు. గేటుకి తాళం పడ్డాక అడగడం మానేశాడు. అన్నం తింటున్నాడు గానీ, ఎప్పుడు కూర్చోవాలో తెలియనట్టు కంచం ముందు అటూ ఇటూ తిరుగుతాడు. కోర్టు గెలిచి ఆ గేటు మళ్ళీ తెరుచుకోవాలని అరవై రెండు మందికీ ఉంది. సాయిదుర్గకి అందుకు ఈ కారణం కూడా ఉంది.

*

“నా ప్రాణం తీశారు” అంది దీప్తి. కోపంగా అందామనుకుంది గానీ, ఇదంతా విన్నాక గొంతులో కోపం సరిగ్గా పలకలేదు. “నాకు ముందే ఎందుకు చెప్పలేదండీ?”

సమాధానం ఉమాదేవి చెప్పింది. యూనియన్ సెక్రెటరీ ఆమె. యాభై ఏళ్ళ మనిషి, అన్నం గిన్నె చంకన పెట్టుకునే వచ్చి నిలబడింది. “అడిగితే చెప్పేవాళ్ళం గదమ్మా. షెడ్డులో ఏ పేరుంటే ఆ పేరే రాయాలనుకున్నాం. ఇంటి పేరు ఇంటికి, షెడ్డు పేరు షెడ్డుకి. యూనియన్ షెడ్డుదే గదా?”

దీప్తి తల పట్టుకుంది. “ఉమాదేవిగారూ, మీ షెడ్డు లెక్కకి యూనియన్ రిజిస్టర్ అవ్వాలంటే అక్కడ పనిచేసేవాళ్ళు కనీసం ఏడుగురు సంతకం పెట్టాలి. మీరు సరిగ్గా ఏడుగురే పెట్టారు. ఇంకో నలుగురితో పెట్టిస్తే ఏం పోయేది?”

“ఏడుగురు చాలన్నారమ్మా ఆఫీసులో. చాలన్నాక ఎనిమిదో మనిషిని ఎందుకు ఇబ్బంది పెట్టడం అని...”

“ఆ నాంచారమ్మ అప్పటికి షెడ్డులో లేనే లేదని తేలితే ఆరుగురే మిగులుతారు. ఆరుగురితో పెట్టింది యూనియనే కాదంటారు శ్రీనివాసరావుగారు. యూనియన్ కాకపోతే మీ అందరి తరఫునా అది కేసు నడపకూడదంటారు. అప్పుడు ఎవరి కేసు వాళ్ళదే. అరవై రెండు మంది, అరవై రెండు ఫైళ్ళు, అరవై రెండు వాయిదాలు. ఎంతమంది చివరిదాకా వస్తారు చెప్పండి? చంటిపిల్లలున్నవాళ్ళు మానేస్తారు. కంపెనీ మనిషి ఇంటికొచ్చి మంచిగా మాట్లాడితే కొందరు కాగితం వెనక్కి తీసుకుంటారు. మీ బలమంతా కలిసి ఒక్కటిగా నిలబడ్డంలో ఉంది. వాళ్ళు కొట్టేది సరిగ్గా అక్కడే.”

ఉమాదేవి సాయిదుర్గ వైపు తిరిగింది. “అయితే ఏముంది, దుర్గ లోపలికెళ్ళి నాంచారమ్మనే అంటది. తొమ్మిదేళ్ళుగా అంటున్న మాటేగా. ఇంకొక్కసారి అంటే నోరేం అరిగిపోదు.”

“ఆధార్ కార్డు వాళ్ళ చేతిలో ఉందండీ!”

“అక్కాచెల్లెళ్ళు ఒక్కలాగే ఉంటారమ్మా. అందులో మొహం ఎవరికి ఆనింది?”

“నేను అబద్ధం చెప్పించను.” దీప్తి లేచి నిలబడింది. “ప్రమాణం చేయించి అడుగుతారు. అలా చెప్పిస్తానంటే చెప్పండి, ఇప్పుడే వకాలత్ వదిలేసి గుడివాడ బస్సెక్కుతాను.”

“నిజం చెప్తే ఏమవుద్దో అది కూడా చెప్పండి మరి” అంది ఉమాదేవి. “వేరేవాళ్ళ పేరు మీద దొంగగా పనిచేసిందని దీని మీద పోలీసు కేసు పెట్టరూ? పెడతారు. అబద్ధమాడితే మీరెళ్ళిపోతారు, నిజం చెప్తే దీన్ని తీసుకుపోతారు. తల్లి లేని పిల్లమ్మా ఇది. నా ముందే పెరిగింది. నేనేం చెయ్యను?”

దీప్తి కాదనకుండా మళ్ళీ బెంచీ మీద కూలబడింది.

ఇద్దరూ ఇలా వాదించుకుంటుంటే సాయిదుర్గ మాత్రం వాళ్ళ మాట వింటున్నట్టే లేదు. జిరాక్సు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, ఆ గాటు మీద వేలుపెట్టి చూసుకుంటోంది. అయిదేళ్ళ కిందట ఒకసారి ఎవరికీ చెప్పకుండా నాగాయలంక వెళ్ళింది. అబ్రహాము పేరు చెప్పి రేవంతా అడిగింది. లంకల్లోకి మారిపోయారన్నారు. ఏ లంకో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఏరు దాటించే పంటు మీద మోటార్ సైకిళ్ళూ మనుషులూ దాటుతుంటే, దిగే ప్రతి ఆడమనిషి మొహంలోకీ చూస్తూ సాయంత్రం దాకా నిలబడింది. రాత్రికి ఇల్లు చేరకపోతే నాన్న అడిగే మాటకి జవాబు చెప్పేవాళ్ళుండరని ఆఖరి బస్సు పట్టుకుని వచ్చేసింది. ఈ కాగితం ఎవరో అక్క చేతి నుంచే తీసుకుని ఉంటారు. అంటే అక్క ఎక్కడుందో తెలిసిన మనిషి ఈ ఆవరణలోనే ఉన్నాడు.

వరండా మెట్ల దగ్గర నల్లకోటు భుజాన వేసుకుని, శ్రీనివాసరావు జూనియర్లతో ఏదో చెబుతూ నవ్వుతున్నాడు. పెద్దమనిషి. ఎదుటిపక్షం వాళ్ళని కూడా ‘అమ్మా, మంచినీళ్ళు తాగారా’ అని పలకరించే మనిషి.

సాయిదుర్గ నేరుగా ఆయన దగ్గరికి నడిచింది.

“ఎక్కడికే!” అని ఉమాదేవి కేకేసేలోపే వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“అయ్యగారూ, ఈ కార్డు మీకెక్కడిదండీ? మా అక్క అడ్రసు చెప్పండి.”

శ్రీనివాసరావు నవ్వు ఆపాడు. ఆమె చేతిలో కాగితం వంకా, ఆమె మొహం వంకా చూశాడు. “మీ అక్కా?”

“మా అక్కేనండీ. నాంచారమ్మ. తొమ్మిదేళ్ళయింది చూసి. బతికుందా, ఎక్కడుంది, పిల్లలున్నారా, అదొక్కటి చెప్పండి. మిమ్మల్నింకేమీ అడగను.”

నిజాన్ని నెలల తరబడి తవ్వి తీయాల్సిన లాయరుకి, అది తనంతట తానే నడిచి వచ్చి చేతులు జోడించింది. ఇలాంటి పొరపాటు ఎవరూ చేయరు. చేసేది, అంతకన్నా పెద్దది ఏదో కావలసిన మనిషే.

జూనియర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. శ్రీనివాసరావు మాత్రం కళ్ళద్దాలు తీసి, కోటు అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. “నా దగ్గర ఉన్నది ఆ కాగితమే తల్లీ. కంపెనీవాళ్ళు తెచ్చిచ్చారు” అన్నాడు నెమ్మదిగా. “నువ్విప్పుడు నన్నడిగిన మాటే లోపల జడ్జిగారికి చెప్పు. నాకది చాలు.”

*

సాయిదుర్గ తిరిగి వచ్చేసరికి బెంచీ దగ్గర ఎవరూ అరవలేదు. అరిచే దశ దాటిపోయింది. ఉమాదేవి అన్నం గిన్నె కింద పెట్టి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నలుగురైదుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. సంగతి అందరికీ పాకినట్టే ఉంది.

“క్షమించు ఒదినా” అంది సాయిదుర్గ. “నా నోరు నా మాట ఇనలేదు.”

“నువ్వు మా అందర్నీ ముంచావే.” ఉమాదేవి అన్నది అదే. అంటూనే పక్కకి జరిగి, బెంచీ మీద చోటిచ్చింది.

దీప్తి కాగితాలు మళ్ళీ ఒక్కొక్కటే తిరగేసింది. తర్వాత ఏదో తోచినట్టు తలెత్తింది. “మీ షెడ్డులో బల్లకి ఎంతమంది?”

“ఎనిమిది మందిమండీ.”

“మీ బల్ల దగ్గర మీతోపాటు ఇన్నేళ్ళూ ఉన్నవాళ్ళు ఇక్కడున్నారా?”

“నేనున్నానండీ” అంది ఒకామె. “నేనూ” అంది ఇంకొకామె. ఎడమచేతి బొటనవేలి గోరు లేని శ్రీదుర్గ ముందుకొచ్చి, “సాయిదుర్గ చేతులు ఎక్కడున్నా గుర్తుపడతానండీ. నా ఎదురుగానే గదా ఒలిచింది” అంది.

“మీ చేతులు చూపించండి.”

సాయిదుర్గ చేతులు చాపింది. వేళ్ళ సందుల్లో చర్మం పొరలు పొరలుగా లేచి, గోళ్ళ చుట్టూ నల్లబడి, చూపుడువేలి చివర రొయ్య ముల్లు గుచ్చుకున్న మచ్చలు చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. పద్నాలుగు నెలలైనా మానలేదు. తన చేతులు ఇంత మంది ముందు చాపడం ఆమెకి సిగ్గనిపించింది. దీప్తి వాటిని తన చేతుల్లోకి తీసుకుంది.

“చట్టం ఏడుగురు పనివాళ్ళు సంతకం పెట్టాలంది. ఏడు కార్డులు పెట్టాలనలేదు” అంది తనలో తను అనుకుంటున్నట్టు. “ఏడుగురు మనుషులు పెట్టారు. ఆ రోజు ఏడుగురూ ఆ షెడ్డులో పనిచేస్తున్నారు. రాసిన పేరు తప్పు, రాసిన మనిషి తప్పు కాదు. పేరు తప్పని కంపెనీకి తొమ్మిదేళ్ళుగా తెలుసు, పనికొచ్చినన్నాళ్ళు ఊరుకుంది. ఈ మాట నేను గట్టిగా వాదించగలను. గెలుస్తానో లేదో చెప్పలేను. కానీ అది నిలబడాలంటే మీరు బోనెక్కి, నేను సాయిదుర్గని, పని చేసింది నేను అని మీ నోటితో చెప్పాలి. పోలీసు కేసు మాట నిజమే. పెట్టినా పెట్టొచ్చు. పెడితే నేను వదిలిపెట్టను, అంతవరకే మాటివ్వగలను.”

“అట్టా చెప్తే ఇక షెడ్డులో అక్క పేరు ఉండదు గదండీ.”

దీప్తి ఆమె మొహంలోకి చూసింది. ఈ మనిషి జైలుకి భయపడటం లేదు, ఉద్యోగానికి భయపడటం లేదు. ఇన్నాళ్ళూ దాచిపెట్టుకున్న ఒక పేరుని చేతులారా కొట్టేయాల్సి వస్తుందని భయపడుతోంది.

“ఉండదు” అంది దీప్తి. “మీ పేరు ఉంటుంది.”

సాయిదుర్గ మిగతా అరవై ఒక్క మంది వైపు చూసింది. గ్లౌజులడిగి వీధిన పడ్డవాళ్ళు. తనని ఎవరూ తప్పుపట్టలేదు, ఊరికే చూస్తున్నారు. అక్క కోసం తొమ్మిదేళ్ళు ఎదురుచూసింది తను. వీళ్ళెవరూ చూడలేదు. తన ఎదురుచూపు ఖరీదు వీళ్ళ చేత కట్టించడం అన్యాయమని ఆమెకి తెలుస్తూనే ఉంది.

“చెప్తానండీ” అంది.

“మిమ్మల్ని ఏడాదిగా నాంచారమ్మగారూ అని పిలుస్తున్నాను.” దీప్తి కొంచెం నవ్వింది. “ఇప్పుడేమని పిలవను?”

“సాయిదుర్గండీ.” ఆ పేరు చెబుతుంటే ఎవరిదో చెబుతున్నట్టుంది. “కానీ లోపలికి పిలిచేది ఆ పేరే గదా?”

“సమన్లు ఆ పేరు మీదే ఉన్నాయి. పిలిచేటప్పుడు పలకండి. బోనెక్కాక నిజం చెప్పండి.”

అంటే ఇంకొక్కసారి. ఆఖరిసారి పలకొచ్చు. సాయిదుర్గ చెంగు సర్దుకుని, జిరాక్సు కాగితాన్ని మడిచి జాకెట్‌లో దోపుకుని, వరండా మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఇవాళ ఇంటికెళ్ళాక, నాన్న అడగకపోయినా, తనే చెప్పాలనుకుంది. ‘పిలిచారు నాన్నా’ అని. పద్నాలుగు నెలల తర్వాత ఒక్కరోజైనా ఆయన వేళకి అన్నానికి కూర్చుంటాడు.

గేటులోంచి కంపెనీ జీపు ఒకటి వచ్చి జిరాక్స్ కొట్టు అవతల ఆగింది. దాని వంక ఎవరూ చూడలేదు. అందరి కళ్ళూ కోర్టు హాలు తలుపు మీదే ఉన్నాయి.

పన్నెండూ పది. ఎర్రపట్టీ కట్టుకున్న బంట్రోతు బయటికొచ్చి, గొంతు సవరించుకుని, ఆవరణంతా వినపడేలా పిలిచాడు.

“కొక్కిలిగడ్డ నాంచారమ్మా!”

సాయిదుర్గ కళ్ళు మూసుకుంది. ఎంతకాలమైంది ఈ పిలుపు విని. ఒక్కసారికి సరిపోదనిపించింది. ఇంకోసారి పిలవనీ అని నోరు బిగించుకుంది.

“కొక్కిలిగడ్డ నాంచారమ్మా!”

ఇంకొక్కటి.

“కొక్కిలిగడ్డ నాంచారమ్మా!”

“ఒచ్చానండీ” అంది సాయిదుర్గ.

“ఒచ్చానండీ” అంది ఇంకో గొంతు, వెనకనుంచి.

ఉమాదేవి అరిచిన అరుపు సగంలో ఆగిపోయింది. సాయిదుర్గకి వెనక్కి తిరగాలంటే భయం వేసింది. తిరిగితే ఉండదేమోనని. అయినా తిరిగింది.

జీపు పక్కనుంచి ఒకామె నడిచి వస్తోంది. కాస్త ఒళ్ళు చేసింది. ముక్కుపుడక కొత్తది. ఆమె చేతిలో కంపెనీవాళ్ళిచ్చిన సమన్ల కాగితం ఉంది. ఆమె వెనక, దారి చూపిస్తున్నట్టు, శ్రీనివాసరావుగారి జూనియరు. ఆయన పక్షం సాక్షిగా వచ్చింది. అక్క. అన్నిసార్లు ఊహించుకున్న రాకల్లో ఒక్కదాంట్లో కూడా సాయిదుర్గ ఆమెని ఆ వైపు నుంచి రానివ్వలేదు.

నాంచారమ్మ మెట్ల దగ్గరికొచ్చి ఆగింది. చెల్లెలి మొహం వంక చూడలేకపోయింది కాబోలు, చేతుల వంక చూసింది. కుడిచేయి అందుకుని, ఒరిసిపోయిన వేళ్ళని ఒక్కొక్కటే విప్పి చూసింది.

“ఇయ్యి నా చేతులవ్వాల్సినయ్యే” అంది. ఇంకేమీ అనలేదు. చేయి వదల్లేదు.

సాయిదుర్గకి అడగాల్సినవి తొమ్మిదేళ్ళవి ఉన్నాయి. లోపల ఏం చెప్పడానికొచ్చావ్ అన్నది వాటన్నిటికన్నా ముందు అడగాల్సిన మాట. నోట్లోంచి అది రాలేదు. “నాన్న రోజూ అడిగేవాడే” అంది, ఏడుస్తూ.

దీప్తి పరుగున వస్తోంది. వేపచెట్టు కింద అరవై ఒక్క మందీ లేచి నిలబడ్డారు. లోపల జడ్జిగారు ఏదో అన్నట్టున్నారు. బంట్రోతు విసుగ్గా ఒక మెట్టు దిగి, చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“మీ ఇద్దర్లో నాంచారమ్మ ఎవరమ్మా? ఒక్కరే రావాలి లోపలికి.”